కొలంబస్ డే తీసేయడం న్యాయమా? తైనోలను (కరీబియన్ దీవుల మూలవాసులను) చంపింది రోగమా, మనుషులా?

ఒహాయో_వాసి:
ఇక్కడ అమెరికాలో మావాడి స్కూల్ క్యాలెండర్‌లో అక్టోబర్ రెండో సోమవారం కొలంబస్ డే పోయి మూలవాసుల దినం వచ్చింది. 2020లో మా ఊరు కొలంబస్‌లో సిటీ హాల్ ముందున్న ఆయన విగ్రహమూ తీసేశారు. నాకిది అతి అనిపిస్తోంది. మూలవాసుల్లో ఎక్కువమంది పోయింది మశూచి, తట్టులతో. సూక్ష్మజీవులంటే ఏంటో ఎవరికీ తెలియని రోజులు. దానికి ఒక నావికుణ్ణి హంతకుడంటే ఎలా?

గోదారి_గట్టు:
ఆయన పాలించిన హిస్పానియోలా దీవి (ఇప్పటి హైతీ, డొమినికన్ రిపబ్లిక్) సంగతే చూద్దామండీ. అక్కడికి మశూచి వచ్చింది 1518 చివర్లో. అంతకు నాలుగేళ్ళ ముందే, స్పెయిన్ వాళ్ళు పనికి పంచుకోవడానికి తైనోలను లెక్కపెడితే తేలింది 26,000 మంది. మొదట్లో లక్షల్లో ఉండేవాళ్ళంటారు, మిగతావాళ్ళు ఏమయ్యారు?

ఒహాయో_వాసి:
1493లో రెండో యాత్ర 17 ఓడల్లో వచ్చింది. వాటితోనే ఫ్లూ దిగిందని వాదన ఉంది. పైగా 2020లో డీఎన్‌ఏ పరిశోధన, ఆ దీవీ పక్క దీవి ప్యూర్టోరికో కలిపినా జనం కొన్ని పదివేలే అని తేల్చింది. లక్షల కథ ఎక్కడిది?

మిరపకాయ్_బజ్జీ:
వాళ్ళు అటు వెళ్ళకపోతే మనకి మిరపకాయ ఉండేది కాదు. అంతే, వెళ్తున్నా.

గోదారి_గట్టు:
1495లో ఎవరు ఎవర్ని ఓడ ఎక్కించారో డీఎన్‌ఏ చెప్పదు. ఆ ఏడాది కొలంబస్ మనుషులు 1,600 మంది తైనోలను పట్టుకొచ్చి, 550 మందిని స్పెయిన్‌లో అమ్మడానికి ఓడలెక్కించారు. దారిలోనే సుమారు 200 మంది పోతే శవాలను సముద్రంలో పడేశారు. ఇది రాసింది అదే ఓడలో వెళ్ళిన కూనియో అనే ఇటలీ మనిషి.

ఇక కొలంబస్ వేసిన బంగారం పన్ను. పద్నాలుగేళ్ళు దాటిన ప్రతి మనిషీ మూడు నెలలకోసారి డేగ కాలికి కట్టే మువ్వ నిండా బంగారం పొడి తేవాలి. కట్టినవాడి మెడలో గుర్తుగా లోహపు బిళ్ళ. అక్కడి వాగుల్లో అంత బంగారం లేదు. జనం కర్రపెండలం చేలు వదిలేసి కొండలెక్కారు, కరువొచ్చింది. కడుపు మాడినవాడికి ఏ జ్వరమొచ్చినా చాలు. రోగాన్నీ పన్నునీ మీరు విడదీస్తున్నారు, అక్కడ అవి విడిగా లేవు.

డల్లాస్_దోసె:
1891లో న్యూ ఆర్లియన్స్‌లో మూక 11 మంది ఇటలీవాళ్ళను చంపింది. మరుసటి ఏడే ప్రెసిడెంట్ హారిసన్ కొలంబస్ ఉత్సవం ప్రకటించాడు. కొలంబస్ ఇటలీవాడు కాబట్టి వాళ్ళకది గౌరవానికి సంబంధించిన పండగ. ఆ కోణం కూడా చూడండి.

ఒహాయో_వాసి:
చూశారా! పైగా 15వ శతాబ్దం మనిషిని ఇప్పటి కొలతలతో కొలవడమేంటి?

గోదారి_గట్టు:
అప్పటి కొలతే తీసుకోండి. 1511లో శాంతో డొమింగో చర్చిలో మాంటెసినోస్ అనే పాదిరి, ఏ హక్కుతో వీళ్ళని ఇలా బానిసల్ని చేశారని స్పెయిన్ దొరల ముఖం మీదే అడిగాడు. వాళ్ళకి కోపమొచ్చింది, మీకొచ్చినట్టే.

ఒహాయో_వాసి:
మర్యాద! మీరు ఇండియాలో కూర్చుని ఎన్నైనా చెప్తారు.

గోదారి_గట్టు:
అవును, ఇండియాలోనే కూర్చున్నా. ప్రాజెక్టు ముంపులో మా ఊరు పోయింది. పరిహారం లిస్టులో మా నాన్న పేరు లేదని ఆఫీసుకెళ్తే, అభివృద్ధి కావాలంటే కొంత నష్టం తప్పదన్నారు. ‘ఎవరి తప్పూ కాదు, అలా జరిగిపోయింది’ అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఒహాయో_వాసి:
మీ ముంపుకీ కొలంబస్‌కీ ఏంటి సంబంధం? నా బాధ వేరు. టీచర్ ఏం చెప్పిందో గానీ, మావాడు అన్నం తింటూ ‘నాన్నా, మనిల్లు ఎవరి స్థలంలో ఉంది?’ అన్నాడు. ముప్పై ఏళ్ళ లోన్ నెత్తిన పెట్టుకుని కొన్న ఇల్లండీ. నేనెవరి దగ్గరా లాక్కోలేదు.

గోదారి_గట్టు:
మీరు లాక్కున్నారని ఎవరన్నారు? ఇంతసేపూ మశూచి మశూచి అన్నది ఇందుకా? ఇంతకీ పిల్లాడికి ఏం చెప్పారు?

ఒహాయో_వాసి:
హోంవర్క్ చేసుకోమన్నా.