పీఈఎస్ 2021లో అరబిక్ కామెంటరీ: ప్యాక్ వేసినా ఇంగ్లీషే వస్తోంది

సోంపేట స్ట్రైకర్:
అన్నలూ, స్టీమ్‌లో కొన్న పీఈఎస్ 2021 ఫుట్‌బాల్ గేమ్, విండోస్ 10. మా బావ దోహాలో వెల్డర్, సెలవులకి వచ్చాడు. అక్కడ మ్యాచ్‌లన్నీ అరబ్బీలోనే విని అలవాటు, గోల్ పడితే ఆ ఊపే వేరంటాడు. అందుకే అరబిక్ కామెంటరీ ప్యాక్ దించి, సైడర్‌లో (గేమ్ ఫైళ్ళ బదులు మన ఫైళ్ళు అందించే టూల్) లైవ్‌సీపీకే ఫోల్డర్ కింద విప్పాను. దాని సెట్టింగుల ఫైలు సైడర్ డాట్ ఐఎన్ఐలో ఆ ఫోల్డర్ ఎక్కడుందో చూపే రూట్ లైను కలిపాను. సైడర్ ఆన్ అవుతోంది, కిట్లూ స్టేడియాలూ బాగానే వస్తున్నాయి, మాట మాత్రం ఇంగ్లీషే. గేమ్‌లో కామెంటరీ భాష స్పానిష్‌కి మారిస్తే స్పానిషే వస్తోంది. ఏటి చేయాలి?

బొబ్బిలి మోడర్:
ముందు కామెంటరీ భాషని మళ్ళీ ఇంగ్లీషుకి పెట్టు తమ్ముడూ. ప్యాక్ అరబిక్‌దన్న సంగతే గేమ్‌కి తెలీదు. అది ఇంగ్లీషు ఫైలుని పేరుపెట్టి అడుగుతుంది, సైడర్ మధ్యలో అదే పేరున్న అరబిక్ ఫైలుని అందిస్తుంది. ప్యాక్ ఇంగ్లీషు పేర్లతో తయారైతే స్పానిష్‌లో పెట్టి ఎంత ఆడినా దాని జోలికే పోదు. ఏ భాష స్థానంలో కూర్చుంటుందో ప్యాక్‌తో వచ్చిన రీడ్‌మీలో ఉంటుంది, అది చదవకుండా ముందుకెళ్ళకు.

కిట్లు వస్తున్నాయంటే సైడర్ పని చేస్తున్నట్టే, కాబట్టి చిక్కు ఫోల్డర్ దారి (పాత్) దగ్గరుంది. లైవ్‌సీపీకే లోపల అరబిక్ ఫోల్డర్, దాన్ని తెరవగానే 'కామన్' అనే ఫోల్డర్ కనబడాలి. విన్‌రార్ విప్పేటప్పుడు చాలాసార్లు అరబిక్ లోపల ఇంకో అరబిక్ పుడుతుంది. అప్పుడు రూట్ లైను బయటి ఫోల్డర్‌ని చూపిస్తుంది, కామన్ ఒక మెట్టు కిందుంటుంది. సైడర్‌కి ఫైలు దొరకదు, ఎర్రర్ కూడా ఇవ్వదు, గప్‌చుప్‌గా అసలు ఇంగ్లీషు ఫైలునే వదిలేస్తుంది. నీ లక్షణాలకి నా అనుమానం దీనిమీదే.

అది సరిగ్గానే ఉంటే ఐఎన్ఐ చూడు. రూట్ లైను ముందు సెమికోలన్ ఉంటే సైడర్ దాన్ని చదవదు. లైవ్‌సీపీకే ఎనేబుల్డ్ ఎదురుగా 1 ఉండాలి. రూట్లలో పైనున్నదే ముందు: వేరే సౌండ్ మోడ్ (గేమ్‌ని మార్చే ఫైళ్ళు) ఏదైనా పైన ఉండి అందులోనూ అదే పేరుతో ఫైలుంటే అరబిక్ ఓడిపోతుంది. అరబిక్ లైనుని అన్నిటికన్నా పైకి తీసుకెళ్ళు. ఇంకా తేలకపోతే సైడర్ డాట్ లాగ్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరువు, ఏ రూట్లు చదివిందో మొదట్లోనే రాసుంటుంది.

రాజాం గేమింగ్:
మోడర్ అన్న చెప్పినదానికి రెండు కలుపుతాను. ప్యాక్ ముక్కలుగా వస్తే ఆ రార్ ముక్కలన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి పార్ట్ 1 మీదే విప్పాలి. సీఆర్‌సీ ఎర్రర్ (ముక్క పాడైందని) వస్తే అది చెప్పిన ముక్క ఒక్కటీ మళ్ళీ దించితే చాలు, అన్నీ అక్కర్లేదు. నెట్ సెంటర్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి: ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌గానో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానో ఫార్మాట్ చేయాలి, ఫార్మాట్‌కి ముందు పెన్‌డ్రైవ్‌లోవి కాపీ తీసుకోవాలి.

రెండోది, యాంటీవైరస్. సైడర్ తన డీఎల్‌ఎల్‌ని (ప్రోగ్రామ్ కోడ్ ఫైలు) గేమ్‌లోకి ఎక్కిస్తుంది గనక విండోస్ డిఫెండర్ వైరస్ అనుకుని లాగేస్తుంటుంది. సైడర్ ఫోల్డర్‌ని మినహాయింపుల్లో పెట్టండి. డిఫెండర్ మొత్తం ఆపేయమనేవాళ్ళ మాట వినకండి, ఎక్కడివో ఫైళ్ళు దించుకునే మనకే అది ఎక్కువ అవసరం. 2021కి సైడర్ 7, 2020కి 6. ఒకదానిది ఇంకోదానికి పనిచేయదు.

సోంపేట స్ట్రైకర్:
అన్నా, అరబిక్ లోపల అరబిక్కే ఉంది! కామన్‌ని పైకి తెచ్చి, భాష ఇంగ్లీషుకి పెట్టాను, బేగి వచ్చేసింది. బావ టీవీ ముందు కూర్చున్నట్టే కూర్చున్నాడు. ఇంకో చిన్న చిక్కు: కొందరు ఆటగాళ్ళ పేర్లు పలకట్లేదు, బంతి వాళ్ళ దగ్గరుంటే కామెంటేటర్ పేరు లేకుండానే దాటేస్తున్నాడు.

బొబ్బిలి మోడర్:
అది నీ ఇన్‌స్టలేషన్ తప్పు కాదు. ప్రతి ఆటగాడికీ ఒక కామెంటరీ పేరు అతికి ఉంటుంది, ఆ పేరుకి రికార్డు చేసిన క్లిప్ ప్యాక్‌లో ఉంటేనే గొంతు వస్తుంది. ఆప్షన్ ఫైలుతో (జట్లనీ ఆటగాళ్ళనీ మార్చే ఫైలు) కొత్తగా చేర్చిన కుర్రాళ్ళకి ఇంగ్లీషులోనే చాలామందికి ఉండదు, ఇంక అరబిక్‌లో ఏముంటుంది. ఎడిట్ మోడ్‌లో కామెంటరీ పేరు మార్చే వీలుంది, పాత ఆటగాళ్ళలో అదే ఇంటిపేరున్నవాడి క్లిప్ దొరికితే అది తగిలించు. కామెంటరీ వాల్యూం ఒక్కటే పెంచితే గొంతు పగిలినట్టు వినబడుతుంది, ప్రేక్షకుల సౌండ్ రెండు మెట్లు తగ్గించి చూడు.

చీపురుపల్లి కీపర్:
ఫిఫా ఫుట్‌బాల్ గేమ్ ఆడేవాళ్ళు ఇది చదివి సైడర్ వెతక్కండి, అది పీఈఎస్‌కి మాత్రమే. ఫిఫా పేరుతో చివర్లో వచ్చిన గేముల్లో కామెంటరీ భాషల్ని గేమ్ సెట్టింగుల్లోంచే విడిగా దించుకోవచ్చు. అరబిక్ ఆ జాబితాలో ఉంటే ఏ మోడూ అక్కర్లేదు. పీఈఎస్ 2017కి మాత్రం సైడర్ లేకుండా వేరే దారి ఉంది: సీపీకే ఫైలుని (గేమ్ డేటా మూట) గేమ్ లోపలి డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో పెట్టి, డీపీఫైల్‌లిస్ట్ జనరేటర్ అనే టూల్‌లో టిక్ చేసి జనరేట్ కొట్టాలి. డేటా ప్యాక్ అప్‌డేట్ వస్తే ఆ లిస్టు చెరిగిపోతుంది, మళ్ళీ జనరేట్ చేసుకోవాలి.