విడాకులు కూడా పెళ్లి రిజిస్టర్‌లో ఎక్కాలా?

తెనాలి అమ్మాయి:
నాకు విడాకులై మూడేళ్లు. మొన్న పాస్‌పోర్టులో భర్త పేరు తీయించడానికి కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీ సర్టిఫైడ్ కాపీ కావాల్సొచ్చింది. నా దగ్గర ఉన్నది జెరాక్స్. దాని మీద ఎఫ్‌సీఓపీ నంబరు, అంటే ఫ్యామిలీ కోర్టు కేసు నంబరు కూడా సరిగ్గా కనపడటం లేదు, దాని కోసమే కోర్టు చుట్టూ వారం తిరిగాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాత్రం పెళ్లి సర్టిఫికెట్ అడిగితే ఫీజు కట్టించుకుని ఇచ్చారు. విడాకుల ఊసే లేదు. ఆ కాగితం చూస్తే నేనింకా అతని భార్యనే. డిక్రీ రాగానే ఆ పెళ్లి నమోదు పక్కన ఒక మాట రాయాలి. మీరేమంటారు?

వరంగల్ వకీలు:
మీ బాధ అర్థమైందమ్మా. కానీ నేను ఒప్పుకోను. 1955 హిందూ వివాహ చట్టం 8వ సెక్షన్ ప్రకారం ఆ రిజిస్టర్‌ను ఎవరైనా చూడొచ్చు, ఫీజు కట్టి నకలు తీసుకోవచ్చు. అదే చట్టం 22వ సెక్షన్ విడాకుల కేసును బయటివాళ్లు లేకుండా వినమంటుంది, వివరాలు అచ్చువేయొద్దంటుంది. కోర్టు గుట్టుగా ఉంచినదాన్ని ఆఫీసు బల్ల మీద పెడదామా?

ఒంగోలు పెద్దాయన:
గుట్టు పేరుతో మోసాలు జరుగుతున్నాయి వకీలు గారూ. మా చెల్లెలి కూతురికి వచ్చిన సంబంధంలో అబ్బాయి విడాకులైపోయాయని స్టాంపు పేపరు చూపించాడు. పెద్దమనుషుల దగ్గర రాసుకున్నదట. కోర్టు డిక్రీ లేదు. మేము ఆగిపోయాం కాబట్టి సరిపోయింది. మొదటి పెళ్లి చెల్లుబాటులో ఉంటే మా పిల్ల గతేంటి?

వరంగల్ వకీలు:
ఆగి మంచిపని చేశారు. ఆ కులంలో అలాంటి ఆచారం ఉందని రుజువైతే 29వ సెక్షన్ ఆ విడాకులను కాదనదు. రుజువు కాకపోతే అది ఉత్త కాగితమే. కానీ చూడండి, డిక్రీయే లేని విడాకుల్ని రిజిస్టర్‌లో ఎవరు ఎక్కిస్తారు? అక్కడ ఏమీ లేదు కదా అని నమ్మితే ఇంకా పెద్ద మోసం.

తెనాలి అమ్మాయి:
కారణాలు రాయమని నేను అనడం లేదు సార్. కోర్టు పేరు, కేసు నంబరు, తేదీ. ఈ మూడే. అవి ఉండుంటే నేను వారం తిరిగేదాన్ని కాదు. పెళ్లయిందని ఊరందరికీ తెలిసే రిజిస్టర్‌లో, అది ముగిసిందన్న తేదీ ఉంటే నాకేం సిగ్గు లేదు.

వరంగల్ వకీలు:
మీకు లేదమ్మా. నా దగ్గరకొచ్చేవాళ్లలో చాలామందికి ఉంది. అడిగినవాళ్లకే రాసేలా చేస్తే నేనూ సంతకం పెడతాను.

ఒంగోలు పెద్దాయన:
అడిగినవాళ్లకే అంటే దాచాలనుకునేవాడు అడగడు కదండీ!