బిజినెస్ జెట్‌గా మారిన బోయింగ్ 737 విమానం లోపల ఇంధన ట్యాంకులు ఎక్కడ ఉంటాయి?

అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో పాత హెచ్‌ఏఎల్ విమానాశ్రయానికి దగ్గరలో ఉంటాం. 2008లో ప్రయాణికుల విమానాలు దేవనహళ్లిలోని కొత్త విమానాశ్రయానికి తరలిపోయినా, ప్రైవేటు జెట్లు ఇప్పటికీ ఇక్కడ దిగుతుంటాయి. వాటిని చూసీ చూసీ మా అమ్మాయికి విమానాల పిచ్చి పట్టుకుంది. బడిలో ప్రదర్శన కోసం ఇద్దరం కలిసి అట్టముక్కలతో బోయింగ్ బిజినెస్ జెట్ (బీబీజే) నమూనా చేస్తున్నాం. ఒక పక్క కోసి, లోపల ఏమేమి ఉంటాయో చూపించాలని దాని పట్టుదల.

నేను చదివినంతలో, మొదటి బీబీజేకు 737-700 రకం ప్రయాణికుల విమానం శరీరాన్ని తీసుకుని, 737-800 రకం రెక్కలు, చక్రాల అమరిక జోడించారు. అదనపు ఇంధనంతో బరువు పెరుగుతుంది కాబట్టి గట్టి రెక్కలు కావాలి, అది అర్థమైంది. నూట ఇరవై మందికి పైగా కూర్చునే చోట పడకగది, భోజనాల బల్ల, స్నానాల గది పెట్టడం కూడా సులభంగానే ఊహించుకోగలం.

చిక్కంతా కింది అరలోనే వచ్చింది. సామాన్లు పెట్టే ఆ చోట తొమ్మిది వరకు అదనపు ట్యాంకులు అమర్చవచ్చట. మా అమ్మాయి అగ్గిపెట్టెలకు ఎర్రరంగు వేసి తొమ్మిదీ సిద్ధం చేసుకుంది. రెక్కల ముందు ఎన్ని, వెనుక ఎన్ని అతికించాలి? తూకం చెడకుండా వాటిలో ఏది ముందు ఖాళీ చేస్తారు? ఆ ఇంధనం నేరుగా ఇంజన్లకు వెళుతుందా, రెండు రెక్కల నడుమ ఉండే మధ్య ట్యాంకులోకి వచ్చి వెళుతుందా?

విమానాల నిర్వహణలో పనిచేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. కాగితం మీద గీసిన చిన్న బొమ్మ పంపినా చాలు. వచ్చే సోమవారం ప్రదర్శన.