రెస్ట్‌లెస్ లెగ్స్ మందు మార్చే రోజుల్లో రాత్రిపూట ట్రమడాల్ ఇవ్వడం తప్పా?

గుంటూరు_శేషు
నాన్నకి 68 ఏళ్లు. రెస్ట్‌లెస్ లెగ్స్‌కి (కదలకుండా ఉంటే కాళ్లు లాగుతూ, కదపకుండా ఉండలేని జబ్బు) చాలా ఏళ్లుగా ప్రమిపెక్సోల్ వాడుతున్నారు. మొదట్లో 0.125 మి.గ్రా. మాత్ర ఒక్కటి వేసుకుంటే హాయిగా నిద్రపట్టేది. పెంచుకుంటూ పోగా 1 మి.గ్రా. దాకా వచ్చింది. ఒకప్పుడు రాత్రి పడుకున్నాక మొదలయ్యే లాగుడు ఇప్పుడు మధ్యాహ్నం భోజనం కాగానే మొదలవుతోంది. చేతులకి కూడా పాకింది. కొత్త న్యూరాలజిస్టు దీన్ని ఆగ్మెంటేషన్ అన్నారు. అంటే జబ్బుని తగ్గించాల్సిన మందే దాన్ని ఎగదోస్తోందట. ప్రీగాబాలిన్ అనే వేరే మందు మొదలుపెట్టి, ప్రమిపెక్సోల్‌ని కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నారు.

తగ్గించిన ప్రతిసారీ నాలుగైదు రాత్రులు నరకమే. పిక్కలు పీకేస్తున్నాయంటూ తెల్లవార్లూ హాల్లో తిరుగుతున్నారు. ఈ మార్పు పూర్తయ్యే వరకు రాత్రికి కొద్దిగా ట్రమడాల్ (ఓపియాయిడ్, అంటే నల్లమందు తరహా నొప్పి మందు) వేయమని డాక్టరు గారు రాశారు. మా అన్నయ్య ససేమిరా అంటున్నాడు. ఒక అలవాటు మాన్పించడానికి ఇంకోటి అంటగట్టడమేంటి, పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే అని వాడి వాదన. చీటీ ఉంది, మందు కొనలేదు. మీరేమంటారు?

వరంగల్_వాణి
శేషు గారూ, మీ అన్నయ్య మాటే నాదీ. మా అమ్మకి కూడా ఇదే మందు మాన్పించాం. ట్రమడాల్ లేకుండానే. ఇక్కడ అసలు తొందర ఎవరిది? తగ్గించే వేగం తగ్గించమని అడగండి. వారానికోసారి తగ్గించేది రెండు వారాలకోసారి చేస్తే ఏం పోతుంది? ఆలస్యమవుతుంది, అంతే. ట్రమడాల్‌తో మలబద్ధకం, వాంతులు, మగత. ప్రీగాబాలిన్‌తో ఎలాగూ తల తిరుగుతుంది. ఆ వయసులో రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోతే తుంటి ఎముక సంగతేంటి?

డాలస్_ప్రసాద్
వాణి గారూ, నెమ్మదిగా తగ్గించమనడం సరైన మాటే. కానీ నెమ్మదిగా అంటే చెడ్డ రాత్రులు తగ్గడం కాదు, ఎక్కువ నెలలకి పరుచుకోవడం. కొంతమందికి అదే నయం, కొంతమందికి అదే చావు. నిద్ర లేని మనిషి కూడా పడిపోతాడు, అది కూడా లెక్కలో వేసుకోండి.

ఓపియాయిడ్ అనగానే భయపడక్కర్లేదు. అమెరికన్ నిద్ర వైద్యుల అకాడమీ 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గాబాపెంటిన్, ప్రీగాబాలిన్‌లకి గట్టి సిఫారసు ఉంది. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటివి మామూలుగా మొదలుపెట్టవద్దన్నారు. ఓపియాయిడ్లని పరిస్థితిని బట్టి వాడొచ్చన్నారు. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి నడిపే రోగుల రిజిస్ట్రీలో ఈ జబ్బుకి తక్కువ డోసు ఓపియాయిడ్ వాడేవాళ్లని రెండేళ్లు గమనిస్తే, చాలామందికి డోసు పెద్దగా పెరగలేదు.

నా అభ్యంతరం ట్రమడాల్ మీదే. ఓపియాయిడ్లలో ఆగ్మెంటేషన్ తెస్తుందని రిపోర్టులున్నది దానికే. ఇక్కడి డాక్టర్లు తక్కువ డోసు మెథడోన్ వైపో బ్యూప్రినార్ఫిన్ వైపో వెళ్తారు.

మందులషాపు_రఘు
ప్రసాదన్నా, డాలస్ లెక్కలు ఇక్కడ పనిచేయవు. ఈ జబ్బుకి మెథడోన్ రాసే డాక్టరు మా జిల్లాలో నాకైతే తెలియదు, రాసినా షాపులో దొరకదు. ట్రమడాల్‌నే 2018లో ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కిందకి తెచ్చారు. చీటీ లేకుండా ఇవ్వం, ఇవ్వకూడదు కూడా. ఆగ్మెంటేషన్ సంగతి నిజమే గానీ, కొన్ని వారాల కోసం వేసేదానికీ ఏళ్ల తరబడి వాడేదానికీ తేడా లేదా?

శేషు అన్నా, ట్రమడాల్ గొడవకన్నా ముందు ఒకటి చెప్పు. నాన్నగారు ఇంకా ఏమేం వేసుకుంటున్నారు? నిద్రకనో దురదకనో అవిల్, జలుబు మాత్రలు, వాంతులకి మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరిగితే స్టెమెటిల్, నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, డిప్రెషన్ మాత్రలు... ఇవన్నీ కాళ్ల లాగుడుని పెంచగలవు. నిద్ర పట్టట్లేదని అవిల్ అడిగేవాళ్లు రోజూ వస్తారు. ఈ జబ్బు ఉన్నవాళ్లకి అది మగతనిచ్చి, కాళ్లని ఆడిస్తుంది. పడుకోనూ లేరు, లేవనూ లేరు.

గుంటూరు_శేషు
రఘూ, అమిట్రిప్టిలిన్ 10 ఉంది. పాత డాక్టరు అరికాళ్ల మంటలకి ఎప్పుడో రాశారు, ఇప్పటికీ వేస్తున్నాం. కొత్తాయనకి ఆ సంగతి చెప్పామో లేదో అమ్మకి గుర్తులేదు. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే రక్తపరీక్ష) 38. ల్యాబ్ కాగితంలో నార్మల్ అనే ఉంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
శేషు గారూ, ఆ 38 దగ్గర ఆగండి. ల్యాబ్ వాళ్ల నార్మల్ ఈ జబ్బుని దృష్టిలో పెట్టుకుని వేసింది కాదు. రెస్ట్‌లెస్ లెగ్స్‌లో పెద్దవాళ్లకి ఫెరిటిన్ 75 లేదా అంతకన్నా తక్కువ ఉన్నా, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో ఐరన్ ఏ మేరకు ఉందో చెప్పే లెక్క) 20 శాతం లోపు ఉన్నా ఐరన్ ఇవ్వాలనేది ప్రసాద్ గారు చెప్పిన ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. ఒంట్లో రక్తం సరిపడా ఉన్నా మెదడుకి ఐరన్ చాలకపోవడం ఈ జబ్బులో పెద్ద కారణం. మాత్రలతో మెల్లగా పెరుగుతుంది, సెలైన్‌లో ఎక్కించే ఫెర్రిక్ కార్బాక్సిమాల్టోజ్ త్వరగా పెంచుతుంది. ఎక్కించినా కాళ్లలో మార్పు తెలియడానికి వారాలు పడుతుంది కాబట్టి, ప్రమిపెక్సోల్ మరీ తగ్గించకముందే ఆ పని అయితే మంచిది. తగ్గించడం ఇప్పుడున్న మెట్టు మీద కొన్నాళ్లు ఆపొచ్చేమో డాక్టర్ని అడగండి. ఆ వయసులో ఐరన్ ఎందుకు తగ్గిందో కూడా చూడాలి, కడుపులో రక్తస్రావం లాంటివి ఉండొచ్చు.

ఇక ట్రమడాల్. నేను ఇవ్వడానికే ఓటు వేస్తాను, కానీ కొన్నిటికి జవాబు తెలిశాక. గట్టిగా గురకపెడతారా? నిద్రలో ఊపిరి ఆగినట్టు అవుతుందా? ప్రీగాబాలిన్, ట్రమడాల్ రెండూ కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది, ముసలివాళ్లలో మరీ. క్రియాటినిన్ ఎంత? ప్రీగాబాలిన్ కిడ్నీల ద్వారానే పోతుంది, కిడ్నీ సరిగా లేకపోతే మామూలు డోసే ఎక్కువైపోతుంది. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా? అమిట్రిప్టిలిన్ వేస్తూ ట్రమడాల్ ఇవ్వడం నాకు అస్సలు నచ్చదు. ఫిట్స్ భయం పెరుగుతుంది, మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం ఎక్కువైపోయే ప్రమాదమూ ఉంది. రఘు అడిగిన ప్రశ్న అందుకే ముఖ్యం.

భరించమని చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది. రాత్రి వార్డులో చూస్తాను, ఈ మనుషులు నొప్పితో అరవరు, నడుస్తూ ఉంటారు. నడుస్తున్నారు కదా, బాగానే ఉన్నారనుకుంటారు బంధువులు. చాలా రోజులు అలా గడిస్తే బీపీ ఎక్కుతుంది, మనసు చెదురుతుంది. ప్రమిపెక్సోల్ తగ్గించేటప్పుడు కొందరికి విపరీతమైన ఆందోళన, దిగులు కూడా వస్తాయి, అది మందు వదిలే లక్షణమే. చచ్చిపోవాలనిపిస్తోందనే మాట వస్తే ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నిద్ర విషయంలో ఇంట్లోవాళ్లు ఒక పట్టు వదలాలి. పదింటికల్లా పడుకోవాల్సిందే అని మంచం మీద కూర్చోబెట్టకండి. చాలామందికి తెల్లవారుజాము నుంచి కాళ్లు కాస్త నెమ్మదిస్తాయి. ఈ కొన్ని వారాలు ఉదయం పదింటి దాకా పడుకోనివ్వండి, పాలవాడు, కాలింగ్ బెల్ గొడవ లేకుండా. రాత్రికి గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టడం, పిక్కలు ఒత్తడం, నిలబడి చేసుకునే ఏదైనా పని. సాయంత్రం కాఫీ వద్దు. మద్యం తాగడం, బండి నడపడం అసలే వద్దు.

వరంగల్_వాణి
సిస్టర్ గారూ, అన్నీ బాగా చెప్పారు. కానీ "కొన్ని వారాలే" అన్నది ఎవరు చూస్తారు? మన ఇళ్లల్లో ఒకసారి మొదలైన మాత్ర ఎప్పుడు ఆగింది? శేషు గారింట్లోనే చూడండి, ఎప్పుడో రాసిన అమిట్రిప్టిలిన్ ఇంకా నడుస్తోంది. ట్రమడాల్ కూడా అలాగే మిగిలిపోదని గ్యారంటీ ఏంటి?

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఆ భయం అనవసరమని నేను అనను. అందుకే చీటీ మీదే ఆపే తేదీ రాయించమంటాను. ఒకేసారి నెలకి సరిపడా కొనొద్దు. డబ్బా నాన్నగారి దగ్గర కాకుండా ఇంకొకరి దగ్గర ఉండాలి.

కాకినాడ_మాస్టారు
నాదో అనుమానం. నేను ప్రమిపెక్సోల్ 0.25 దగ్గరే ఉన్నాను. లాగుడు ముందుకి జరగలేదు, డోసు పెరగలేదు. ఇదంతా చదివి నేనూ మార్చుకోవాలా? ఇంత నరకం పడి?

డాలస్_ప్రసాద్
మాస్టారూ, వద్దన్నది మామూలుగా అందరికీ మొదటి మందుగా ఇవ్వడాన్ని. బాగున్నవాళ్లని రేపే మానేయమని ఎవరూ అనలేదు. 2014లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో ఏడాది లోపు ఆగ్మెంటేషన్ వచ్చింది 0.5 మి.గ్రా. ప్రమిపెక్సోల్ వాడినవాళ్లలో 7.7 శాతానికి, ప్రీగాబాలిన్ వాడినవాళ్లలో 2.1 శాతానికి. అంటే నూటికి తొంభై పైచిలుకు మందికి ఆ ఏడాది ఆగ్మెంటేషన్ రాలేదు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ముప్పు పోగవుతూ ఉంటుంది. లాగుడు ఏ టైముకి మొదలవుతోందో అప్పుడప్పుడు రాసి పెట్టుకోండి. డోసు పెంచుదామని ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకునే ముందు ఇంకో డాక్టర్ని అడగండి. జూదం, అతిగా కొనడం లాంటి కొత్త పిచ్చి ఏదైనా మొదలైందేమో ఇంట్లోవాళ్లని అడగండి. అది కూడా ఈ మందు తెచ్చేదే.

గుంటూరు_శేషు
ఈ రోజు డాక్టరు గారితో ఫోన్‌లో మాట్లాడాను. అమిట్రిప్టిలిన్ సంగతి ఆయనకి నిజంగానే తెలియదు. అది తీసేసేదాకా ట్రమడాల్ వద్దన్నారు. ప్రమిపెక్సోల్ తగ్గించడం ఇక్కడే ఆపి, ముందు ఐరన్ ఎక్కిద్దామన్నారు. క్రియాటినిన్ పరీక్షకి ఇచ్చాం. గురక ఉంది, అది కూడా చూస్తామన్నారు. అన్నయ్య తనే గెలిచానంటున్నాడు. డాక్టరు గారు మాత్రం, మళ్లీ తగ్గించేటప్పుడు నాన్న భరించలేకపోతే ట్రమడాల్ వేయాల్సిందేనన్నారు.

వరంగల్_వాణి
మంచిది. అప్పుడు కూడా నా ఓటు వద్దనే.

మందులషాపు_రఘు
అన్నా, అమిట్రిప్టిలిన్ ఎలా ఆపాలో, అరికాళ్ల మంటలకి ఇంకేమైనా అవసరమో అడిగావా? చాలా రోజులుగా వేసుకుంటున్నది కాబట్టి ఆయన చెప్పినట్టే ఆపండి. ప్రీగాబాలినే ఆ మంటలకి కూడా పనిచేయొచ్చు, అప్పుడు ఒక మాత్ర తగ్గుతుంది.