యూనివర్సిటీ ఉపన్యాసాలు ఎవరి కోసం? ఊళ్లో, తెలుగులో పెట్టాలా వద్దా?

బాటనీ సార్ (అనంతపురం)

డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్పి నిరుడు రిటైరయ్యాను. చాలా రోజులుగా మనసులో ఉన్న మాట ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

పోయిన ఆగస్టులో మన జిల్లాలోని ఒక యూనివర్సిటీలో మెట్ట పంటల తెగుళ్ల మీద పబ్లిక్ లెక్చర్ అని పేపర్లో చూసి వెళ్లాను. 'అందరూ ఆహ్వానితులే' అని వేశారు. పదిన్నరకు మొదలు కావాల్సింది పదకొండున్నరకు మొదలైంది. జ్యోతి వెలిగించారు, ప్రార్థన పాడారు, వేదిక మీదున్న తొమ్మిది మందికీ బొకేలు ఇచ్చారు. ఆ తొమ్మిది మందీ మాట్లాడారు. అసలు వక్త మైకు ముందుకు వచ్చేసరికి పన్నెండూ నలభై. ఒంటిగంటా పదికి భోజనాలు. ఆ అరగంటా ఆయన ఇంగ్లీషులోనే మాట్లాడాడు. ఆయన తెలుగువాడే. హాల్లో ఉన్నవాళ్లమూ అందరమూ తెలుగువాళ్లమే.

నా పక్కన రాప్తాడు వైపు నుంచి వచ్చిన ఒక రైతు కూర్చున్నాడు. ఆయన ఒళ్లో పాలిథిన్ కవరు, అందులో తడిగుడ్డ చుట్టిన శెనక్కాయ చెట్టు. లేత ఆకులు మాడిపోయి ఉన్నాయి. కాండం మీద నల్లటి చార పైనుంచి కిందికి దిగుతోంది. రెండున్నర గంటలు ఆ కవరు కింద పెట్టకుండా పట్టుకుని కూర్చున్నాడు. ప్రశ్నలు అడగమన్నప్పుడు లేచి, కవరు పైకెత్తి, 'సార్, ఇదేం తెగులు?' అన్నాడు. 'తర్వాత మాట్లాడదాం, కూర్చోండి' అన్నారు వేదిక మీద నుంచి. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. చివరికి మెట్ల దగ్గర నేనే ఆ చెట్టు చూసి నాకు తెలిసింది చెప్పాను.

2000 ఖరీఫ్ గుర్తున్నవాళ్లు ఇక్కడ ఉంటారు. ఆ ఏడు మన జిల్లాలో రెండు లక్షల పాతిక వేల హెక్టార్లలో శెనక్కాయ చెట్లు ఇలాగే కొనల నుంచి చచ్చిపోయాయి. నష్టం 300 కోట్ల పైనే. అది కాండం కుళ్లు వైరస్ అని తర్వాత తేల్చారు. వైరస్ ఉండేది గట్ల మీద పెరిగే వయ్యారిభామలో. ఆ మొక్క చూడ్డానికి పచ్చగానే ఉంటుంది. దాని పుప్పొడిని తామర పురుగులు మోసుకొచ్చి శెనక్కాయ ఆకుల మీద వేస్తాయి. ఆకును గీకినప్పుడు పుప్పొడిలోని వైరస్ లోపలికి పోతుంది. అందుకే గట్ల మీద వయ్యారిభామను పూత రాకముందే పీకెయ్యాలి, చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో సజ్జో వేసుకోవాలి. ఇదంతా తెలుగులో చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. ఆయన విని, 'ఆ కాంగ్రెస్ గడ్డేనా సార్? దాన్ని మేం మేకలు తినవని వదిలేస్తాం' అన్నాడు.

నా వాదన ఇది. పబ్లిక్ లెక్చర్ అని పేరు పెట్టాక అది ఊళ్లో జరగాలి, సాయంత్రం ఆరుకు జరగాలి, తెలుగులో జరగాలి. అనంతపురం చుట్టూ మూడు యూనివర్సిటీలు ఉన్నాయి. రెండింటి క్యాంపస్‌లు ఊరి బయట ఉన్నాయి. లలితకళా పరిషత్ హాలు ఊరి నడిబొడ్డున ఉంది. నెలకు ఒక్క ఉపన్యాసం అక్కడ పెట్టలేరా?

ల్యాబ్ గది

సార్, ఆ రైతుకు జరిగింది తప్పే. కానీ మీరు రెండు వేరు వేరు విషయాలను కలిపేశారు. నేను ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇది నాలుగో ఏడు. సెమినార్ అనేది మాలాంటివాళ్ల కోసం. నా మొదటి పేపర్ ఒక జాతీయ సదస్సులో పన్నెండు నిమిషాలు చదివాను. చేతులు వణికాయి, స్లైడ్ మార్చే బటన్ రెండుసార్లు నొక్కి గాభరాపడ్డాను. తర్వాత వెనక వరుసలోంచి ఒకాయన లేచి, నేను ఏ ఉష్ణోగ్రత దగ్గర సాంపిల్ చల్లార్చానో అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో ఆరు నెలలుగా నేను చేస్తున్న తప్పు బయటపడింది. ఆయన తమిళనాడు నుంచి వచ్చారు. సదస్సు తెలుగులో పెట్టుంటే ఆయన వచ్చేవారే కాదు.

మేం చదివే జర్నల్స్ ఇంగ్లీషు, రాసే థీసిస్ ఇంగ్లీషు, రేపు ఇంటర్వ్యూ ఇంగ్లీషు. మా ఊరి హైస్కూల్లో తెలుగు మీడియం చదివి వచ్చిన నాకు ఇంగ్లీషులో మాట్లాడే అవకాశం ఈ సెమినార్లలో తప్ప ఎక్కడ దొరుకుతుంది? దాన్ని కూడా తీసేస్తే మళ్లీ నష్టపోయేది సీమ పిల్లలే.

రాప్తాడు రోడ్డు

మా పెదనాన్న కూడా ఇలాంటి మీటింగుకు ఒకసారి వెళ్లొచ్చాడు. భోజనం బాగుందన్నాడు. మాట్లాడింది ఏంటని అడిగితే తల అడ్డంగా ఊపాడు. బాటనీ సార్ మాటతో నేను ఏకీభవిస్తాను.

కడప తెలుగు పంతులు

ల్యాబ్ గది తమ్ముడు చెప్పిన తేడా నిజమే. సెమినార్ వేరు, పబ్లిక్ లెక్చర్ వేరు. అయితే ఈ రెండూ కలిసిపోవడానికి కారణం ఉంది, అది కొంచెం వివరంగా చెప్పాలి.

2010లో యూజీసీ (యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) అధ్యాపకుల ప్రమోషన్లకు పాయింట్ల పద్ధతి తెచ్చింది. అంతర్జాతీయ సదస్సులో పేపర్ చదివితే 10, జాతీయ సదస్సుకు 7.5, రాష్ట్ర స్థాయికి 5, స్థానికంగా చదివితే 3. అప్పటి నుంచి 'స్థానిక' అన్న మాట బ్యానర్ల మీద కనబడటం తగ్గిపోయింది. నేనూ ఆ పాయింట్ల కోసం తిరిగినవాణ్ణే. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాను, సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టాను. 2018లో పాయింట్లు తగ్గించారు గానీ అలవాటు పోలేదు. దానికి తోడు కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లు వచ్చినప్పుడు ఎన్ని సెమినార్లు, వర్క్‌షాపులు జరిపారో లెక్క చూపించాలి. ఫొటోలు, హాజరు పట్టిక, బ్యానర్ అన్నీ ఫైల్లోకి చేరాలి. వేదిక మీద తొమ్మిది మంది కూర్చోవడానికి సగం కారణం ఆ ఫొటోనే.

ఇక తెలుగులో కుదురుతుందా అన్న ప్రశ్నకు మీ అనంతపురమే జవాబు చెప్పింది. 1928లో ఆంధ్ర విశ్వవిద్యాలయం తరఫున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు మీ ఊళ్లో వేమన మీద ఏడు ఉపన్యాసాలు ఇచ్చారు. అప్పుడు వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. శర్మ గారు మీ జిల్లా రాళ్లపల్లిలో పుట్టి, మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు చెబుతుండేవారు. విశ్వవిద్యాలయం మొదలై అప్పటికి రెండేళ్లే. వేమనను కవుల లెక్కలో వెయ్యని పండితులు ఇంకా ఎందరో ఉన్న రోజులవి. ఆ ఏడు ఉపన్యాసాలూ పుస్తకమై, ఈ రోజుకీ వేమన మీద ఎవరు పనిచేసినా ముందు అక్కడికే వెళ్తారు. ఒక్క మనిషికి ఒక్క విషయం మీద ఏడు ఉపన్యాసాలు! ఇప్పుడు ఒక్క పూటలో ముప్పై పేపర్లు చదివిస్తున్నాం. ఒక్కొక్కరికీ ఏడు నిమిషాలు కూడా దక్కడం లేదు. నాకు భాష కన్నా ఈ తొందరే ఎక్కువ బాధ.

మా కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఎర్రముక్కపల్లెలో, ఊళ్లోనే ఉంది. యోగి వేమన యూనివర్సిటీ కింద నడుస్తోంది. అక్కడ సాహిత్య సభ పెడితే రిటైరైన గుమాస్తాలు, బడి పంతుళ్లు నడుచుకుంటూ వస్తారు. చోటు దగ్గరగా ఉంటే మనుషులు వస్తారని నేను కళ్లారా చూశాను.

ల్యాబ్ గది

కడప సార్, వేమన తెలుగు కవి కాబట్టి తెలుగులో ఏడు కాదు, డెబ్భై ఉపన్యాసాలు ఇవ్వచ్చు. నా సబ్జెక్టు సెమీకండక్టర్ పొరలు. 'అర్ధవాహకం' అంటే నాకే రెండు క్షణాలు పడుతుంది అర్థం కావడానికి.

బాటనీ సార్ (అనంతపురం)

తమ్ముడూ, సెమీకండక్టర్‌ను సెమీకండక్టర్ అనే చెప్పు, ఎవరు వద్దన్నారు? నేను ఆ రైతుతో 'వైరస్' అనే అన్నాను. ఆయనకు అది పరాయి మాట అనిపించలేదు. కష్టం మాటలతో కాదు, వాక్యాలతో. ఏది ముందు జరుగుతుంది, దానివల్ల తర్వాత ఏమవుతుంది అన్నది మన వాక్యంలో చెబితే మధ్యలో నాలుగు ఇంగ్లీషు మాటలున్నా జనం పట్టుకుంటారు. ముప్పై ఏళ్లు క్లాసులో నేను చేసింది అదే. పుస్తకం ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు, కానీ పాఠం పిల్లలకు ఎక్కింది మాత్రం తెలుగులోనే.

నీ సదస్సు జోలికి నేను రావడం లేదు. అది ఇంగ్లీషులోనే ఉండనీ. 'అందరూ ఆహ్వానితులే' అని రాసినదాని గురించే నా గొడవంతా.

కళ్యాణదుర్గం అమ్మాయి

నమస్తే సార్. ఎంఏ ఎకనామిక్స్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాను. మీరు సాయంత్రం ఆరుకు ఊళ్లో అన్నారు. ఉపన్యాసం అయ్యేసరికి ఏడున్నర, ప్రశ్నలు అంటే ఎనిమిది. ఆ వేళ ఊళ్లోంచి క్యాంపస్‌కు ఆటో దొరకాలి, హాస్టల్ గేటు మూసేలోగా చేరాలి, ఇంట్లో తెలిస్తే మా అమ్మకు టెన్షన్. అబ్బాయిలు బండి మీద వస్తారు. మేం రాలేం. అప్పుడు హాల్లో మగవాళ్లే ఉంటారు, రైతు పక్కన రిటైరైన సార్లు ఉంటారు. అది కూడా 'అందరూ' కాదు కదా సార్.

ఇంకో మాట. పిల్లల్ని బస్సుల్లో ఎక్కించి హాజరు కోసం కూర్చోబెడతారని చాలామంది తప్పుపడతారు. డిగ్రీలో నన్ను కూడా అలాగే కూర్చోబెట్టారు. కరువు మీద ఉపన్యాసం. వక్త ఒక మేడమ్, తెలుగూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడారు. మన జిల్లాలో ఏడాదికి పడేది ఐదున్నర వందల మిల్లీమీటర్లు, అది ఎన్ని రోజుల్లో పడుతుంది, విత్తనం వేశాక ఎన్ని రోజులు వాన లేకుండా ఎండ కాస్తుంది అన్నది బోర్డు మీద గీసి చూపించారు. మా నాన్న ప్రతి ఏడూ ఆగస్టులో ఆకాశం వైపు చూసే చూపు నాకు ఆ బోర్డు మీద కనబడింది. అప్పటిదాకా బ్యాంకు పరీక్షలు రాద్దామనుకున్న నేను ఎకనామిక్స్‌లో చేరింది ఆ రోజు వల్లనే. బలవంతంగా కూర్చోబెట్టకపోతే నేను వెళ్లేదాన్ని కాదు.

కడప తెలుగు పంతులు

అమ్మా, నువ్వు చెప్పింది మా ఎవరికీ తట్టలేదు.

ల్యాబ్ గది

గేటు సంగతి నిజం. మా ల్యాబ్‌లో కూడా అమ్మాయిలు ఏడు దాటితే పరికరం ఆపేసి వెళ్లిపోవాల్సిందే.

అయినా నా అనుమానం ఒకటి మిగిలే ఉంది. ఊళ్లో హాలు అద్దె, మైకు, వక్తకు రైలు ఛార్జీలు ఎవరు పెడతారు? సెమినార్‌కు ఏదో ఒక సంస్థ గ్రాంటు ఇస్తుంది. నెలనెలా ఉపన్యాసానికి ఇవ్వదు. ఆ డబ్బు రీసెర్చ్ స్కాలర్ల మీద కోత పెట్టి తెస్తారని నా భయం. గత ఏడాది మాకు ఫెలోషిప్ ఐదు నెలలు ఆలస్యమైంది.

బాటనీ సార్ (అనంతపురం)

అమ్మా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. సాయంత్రం ఆరు వద్దు. ఆదివారం ఉదయం పది గంటలకు పెడదాం. రైతుకు వానాకాలంలో ఆదివారమైనా సోమవారమైనా ఒకటే, కానీ పొద్దున్నయితే మధ్యాహ్నం బస్సుకు ఊరు చేరతాడు. హాస్టల్ పిల్లలకు యూనివర్సిటీ బస్సు ఒకటి పంపిస్తే చాలు. బస్సు పంపలేని యూనివర్సిటీ 'అందరూ ఆహ్వానితులే' అని రాయకూడదు.

డబ్బు గురించి. తమ్ముడూ, నీ ఫెలోషిప్‌లో పైసా తగ్గినా నేను నీ పక్కనే నిలబడతాను. కానీ ఉపన్యాసానికి ఏం కావాలి? తొమ్మిది బొకేలు, తొమ్మిది శాలువాలు, మెమెంటోలు, ముగ్గురి ముఖాలు వేసిన ఫ్లెక్సీ, రెండు వందల భోజనాలు వద్దనుకుంటే హాలు అద్దె అక్కడే వస్తుంది. వక్తలు ఢిల్లీ నుంచి రానక్కర్లేదు. మూడు యూనివర్సిటీల్లో ఉన్న సార్లూ మేడమ్‌లూ నెలకొకరు తమ పని గురించి గంట మాట్లాడితే చాలా నెలలు గడుస్తాయి. అందులో నువ్వూ ఒకడివి.

ఒక్క విషయంలో మాత్రం నేను తగ్గను. 1937లో కోస్తా నాయకులతో చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందంలో సీమ పెద్దలు అడిగినవాటిలో అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం ఒకటి. నీళ్లతో పాటు చదువు అడిగారు. 1968లో పీజీ సెంటర్ వచ్చింది, 1981లో శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ అయ్యింది. అంటే నలభై నాలుగేళ్లు ఆగాం. మా నాన్న ఎలిమెంటరీ స్కూల్ టీచర్. యూనివర్సిటీ వచ్చిందని ఆ రోజు ఇంట్లో ఓళిగలు చేయించాడు. ఆయన ఒక్కసారి కూడా ఆ గేటు లోపలికి వెళ్లలేదు, వెళ్లడానికి పని పడలేదు. అలాంటివాళ్లకు పని పడాలని నా కోరిక.

ల్యాబ్ గది

సోలార్ పలకల మీద అయితే నేను తెలుగులో గంట మాట్లాడగలను అనుకుంటున్నాను. తాడిపత్రి వైపు, తలారిచెరువు దగ్గర, ఎన్ని పలకలు పరిచారో అందరూ చూస్తున్నారు, లోపల ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేదు. సెమినార్ల విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

రాప్తాడు రోడ్డు

సోలార్ మీదైతే మా ఊరి నుంచి పదిమంది వస్తారు. పొలం లీజుకు ఇమ్మని అడుగుతున్నారు, ఇవ్వాలా వద్దా తెలియడం లేదు.

కళ్యాణదుర్గం అమ్మాయి

బాటనీ సార్, ఆదివారం పది గంటలకు అయితే మా నాన్న కూడా పొద్దున బస్సుకు వస్తానన్నాడు. చేన్లో నాలుగు చెట్లు కొన నుంచి ఎండుతున్నాయట. పీకి తేవాలా, మట్టితో పాటు తేవాలా అని అడగమన్నాడు.

బాటనీ సార్ (అనంతపురం)

వేరుతో పాటు, కొంచెం మట్టితో తెమ్మను. తడిగుడ్డ చుట్టమను. గట్టు మీద వయ్యారిభామ ఉంటే అదీ ఒకటి వేరే కవర్లో తెమ్మను.