ఆకులు రాలకముందే మంచు పడుతుందా? బఫెలోలో చదువుతున్న అమ్మాయి గురించి

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక తండ్రి):
మా పెద్దబిడ్డ ఈ ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోకు ఎమ్మెస్ చదవడానికి వెళ్లింది. దసరా నాడు వీడియో కాల్‌లో చూస్తే వాళ్ల ఇంటి ముందున్న చెట్టు నిండా ఎర్రటి ఆకులున్నాయి, ఎండ కూడా బాగానే కాస్తోంది. అయినా ఇంటి యజమాని మాత్రం ఈ నెలాఖరుకే మంచు (స్నో) పడవచ్చని, కావలసినవి ముందే కొని పెట్టుకొమ్మని చెప్పాడట. అక్కడి పగటి ఉష్ణోగ్రత ఇప్పుడు 12 డిగ్రీల దగ్గర ఉంది. మన ఆదిలాబాద్ ఏజెన్సీలో జనవరి తెల్లవారుజామున అంతకంటే ఎక్కువ చలే ఉంటుంది, అయినా అక్కడ మంచు కురవదు. మరి ఆకులైనా రాలని ఊళ్లో ఎలా కురుస్తుంది? మేము ఇక్కడి నుంచి ఏం చూసి ఆమెను హెచ్చరించాలి? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (కాజీపేట, భూగోళశాస్త్ర అధ్యాపకుడు):
ఆదిలాబాద్‌లో నిర్మలమైన రాత్రి నేలను ఆనుకున్న గాలి మాత్రమే బాగా చల్లబడుతుంది. పైన గాలి పొడిగా, అంతకంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి మంచు కురిసే అవకాశమే లేదు. బఫెలోలో కారణం ఈరీ సరస్సు. వేసవంతా వేడెక్కిన ఆ నీరు అక్టోబరు, నవంబరుల్లో కూడా తొందరగా చల్లారదు. కెనడా వైపు నుంచి వచ్చే బాగా చల్లటి గాలి ఆ నీటి మీదుగా సాగినప్పుడు, చలికాలం పొద్దున వేణ్నీళ్ల కాగు మీద ఆవిరి లేచినట్టు తేమ పైకి లేచి, మేఘమై, ఒడ్డు దాటగానే మంచుగా కురుస్తుంది. సరస్సు నీటికీ, దాదాపు 1,500 మీటర్ల ఎత్తులోని గాలికీ మధ్య 13 డిగ్రీల తేడా ఉంటే చాలు. నిజానికి ఈ తరహా మంచుకు బలమైన కాలం శీతకాలం నడుమ కాదు, దాని మొదలే. అమెరికా, కెనడాల సరిహద్దు దగ్గరున్న గ్రేట్ లేక్స్ అనే అయిదు పెద్ద సరస్సుల్లోనూ లోతు తక్కువైన ఈరీ, చలి ముదిరిన ఏడాది జనవరి, ఫిబ్రవరుల్లో చాలా మేర గడ్డకడుతుంది, అప్పుడు తేమ సరఫరా తగ్గిపోతుంది.

అందువల్ల మీరు ఉష్ణోగ్రత కంటే గాలి దిశను ఎక్కువగా గమనించండి. నైరుతి నుంచి ఈశాన్యానికి పొడవుగా పరుచుకున్న ఆ సరస్సుకు తూర్పు కొసన బఫెలో ఉంది. గాలి ఆ పొడవు వెంట వీస్తే మంచంతా ఒక సన్నని పట్టీలా ఒకేచోట కురుస్తుంది. 2014 నవంబరులో నగరానికి దక్షిణాన ఉన్న కొన్ని శివారు ఊళ్లలో మీటరున్నరకు పైగా మంచు పేరుకుపోగా, కొద్ది కిలోమీటర్ల ఉత్తరాన కొన్ని అంగుళాలే పడింది. అమెరికా వాతావరణ శాఖ అయిన నేషనల్ వెదర్ సర్వీస్ 'లేక్ ఎఫెక్ట్ స్నో వార్నింగ్' (ఇలా సరస్సు వల్ల కురిసే మంచు గురించిన హెచ్చరిక) ఇచ్చినప్పుడు అందులో ప్రాంతాల పేర్లు కూడా ఉంటాయి, వాటిని చదవండి.

జవాబు (వరంగల్, అక్కడే చదివి వచ్చిన అమ్మాయి):
అంకుల్, ఆకులు ఉండగానే పడే మంచే నష్టం ఎక్కువ చేస్తుంది. 2006 అక్టోబరు 12, 13 తేదీల్లో బఫెలో విమానాశ్రయం దగ్గర 22.6 అంగుళాలు కురిసింది. ఆ కాలపు మంచు తడిగా, బరువుగా ఉంటుంది, గుప్పిట్లో నొక్కితే నీరు కారుతుంది. అదంతా ఆకుల మీద నిలిచి కొమ్మలు విరిగి తీగల మీద పడడంతో లక్షలాది ఇళ్లకు కరెంటు పోయింది, కొందరికి వారం దాటినా రాలేదు. కాబట్టి కోటు కంటే ముందు పవర్ బ్యాంకు, టార్చిలైటు, వండకుండా తినగలిగే ఆహారం కొనుక్కోమనండి. కరెంటు పోయినప్పుడు గది వెచ్చబడుతుందని గ్యాస్ పొయ్యి వెలిగించి ఉంచడం, మన కుంపటిలా బొగ్గులు రాజేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దని గట్టిగా చెప్పండి. కిటికీలు మూసిన ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా లేకుండా ప్రాణం తీస్తుంది.

ఇక బట్టల విషయానికి వస్తే, నూలు మేజోళ్లు ఒకసారి తడిస్తే ఆరవు, ఉన్నివి కావాలి. తడి చొరని బూట్లు అక్కడే కొనడం మేలు. పగలు కరిగిన నీరు రాత్రికి మెట్ల మీద గాజులా గడ్డకడుతుంది, కంటికి కనిపించదు. ఉప్పు చల్లుకొని, కమ్మీ పట్టుకొని దిగమనండి.

హనుమకొండ తండ్రి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆమె ఉండేది ఉత్తరాన, ఆమ్‌హర్స్ట్ క్యాంపస్ దగ్గర. అటువైపు కొంత నయమనుకోవచ్చా?

జవాబు (కాజీపేట):
చాలాసార్లు నయమే, కానీ ధీమా పనికిరాదు. అమ్మాయి చెప్పిన 2006 తుపాను ఆమ్‌హర్స్ట్‌నే బాగా దెబ్బతీసింది. 2022 డిసెంబరు బ్లిజార్డ్‌లో (ఈదురుగాలులతో కూడిన మంచు తుపానులో) బఫెలో పరిసరాల్లో 40 మందికి పైగా చనిపోయారు, వారిలో కొందరు కార్లలో చిక్కుకుపోయినవారు. ప్రయాణాలపై నిషేధం ప్రకటించినప్పుడు స్నేహితులు కారు తీస్తామన్నా బయలుదేరవద్దని చెప్పండి.

జవాబు (నిర్మల్ నుంచి ఒక తల్లి):
అన్నా, మా బాబు కూడా అటువైపే ఉన్నాడు కాబట్టి ఒక్క మాట. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, మనకూ వాళ్లకూ తేడా తొమ్మిదిన్నర గంటల నుంచి పదిన్నరకు మారుతుంది. రోజూ వచ్చే ఫోను ఆ రోజు నుంచి గంట ఆలస్యంగా వస్తే మంచులో ఏమైనా అయిందేమోనని వదినగారు కంగారు పడకుండా ముందే చెప్పి ఉంచండి.