సైనిక కాలేజీ చదువకుండనే సులేమానీ మేజర్ జనరల్ ఎట్లయిండు?

దేవరకద్ర తమ్ముడు:
గ్రూప్-2కు చదువుతున్న. ఇరాన్ సైనిక కమాండర్ ఖాసిం సులేమానీ గురించి నోట్సు రాస్తుంటే ఒకటి అర్థమైతలేదు. సైనిక కాలేజీ మొఖమే సూడలేదంట. మరి అంత పెద్ద హోదా ఎట్లొచ్చింది? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

మక్తల్ అన్న:
తమ్మీ, ఆయన పుట్టింది 1957ల, ఇరాన్‌ల కెర్మాన్ కొండల్లో ఖనాతె మలెక్ అనే ఊర్ల. తండ్రి సర్కారు అప్పు కట్టలేకపోతే, పదమూడేండ్లకే కెర్మాన్ పట్నం పోయి బిల్డింగుల కాడ కూలి చేసిండు. మా నాయన గుంపు మేస్త్రీ కాడ అడ్వాన్సు దీసుకొని బొంబాయి పోయినట్టే. అది చదివినప్పుడు పుస్తకం పక్కకు వెట్టి శానాసేపు కూసున్న.

తర్వాత నీళ్ల శాఖల కొలువు. 1979ల విప్లవమొచ్చె. రాజు షా కాలపు సైన్యం మీద విప్లవ నాయకుడు ఖొమైనీకి నమ్మకం లేకుండె, అందుకని రివల్యూషనరీ గార్డ్స్ అని వేరేగ పెట్టిండు. అండ్ల చేరనీకి కాలేజీ పట్టా అక్కర్లేదు. మరుసటేడే ఇరాక్ దండెత్తింది. ఎనిమిదేండ్ల యుద్ధంల ఎవరు బతికి నిలబడితే వాళ్లే కమాండర్లు. ఇరవైల వయసులనే ఆయన కెర్మాన్ పోరగాండ్ల 41వ సారల్లా డివిజనుకు పెద్దయిండు. యుద్ధమైనంక అఫ్ఘాన్ సరిహద్దుల మత్తుమందు ముఠాలతోని కొట్లాట. 1990 దశకం ఆఖరుకు గార్డ్స్‌ల బయటి దేశాల పని జూసే ఖుద్స్ ఫోర్సు చేతికొచ్చింది, 2011ల మేజర్ జనరల్.

సూర్యాపేట సోషల్ టీచర్:
అన్నగారూ, కూలి పిల్లగాని ముచ్చట బాగ చెప్పిండ్రు. సిరియా గూడ చెప్పాలె కదా. అక్కడ అంతర్యుద్ధంల అప్పటి అధ్యక్షుడు అసద్‌ను నిలబెట్టనీకి ఇరాన్‌ల కూలినాలి చేసుకునే అఫ్ఘాన్ శరణార్థులకు జీతం, ఉండనీకి కాయితాలు ఆశజూపి ఫాతిమియూన్ దళంల చేర్చుకున్నరు. పద్నాలుగేండ్ల పిల్లలు సుత సచ్చిపోయిండ్రని సమాధి రాళ్ల ఫొటోలు చూసి 2017ల హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ బయటపెట్టింది.

మక్తల్ అన్న:
నిజం మేడం. ఇరాక్‌ల ఐసిస్‌తోని కొట్లాడిండని ఎంత చెప్పినా ఆ పిల్లల లెక్క కొట్టేయలేం. అప్పు కోసం ఊరిడిసిన బాధ ఆయనకు తెల్వంది గాదు. తెలిసీ ఆ పిల్లగాండ్లను పంపుడే నాకు మింగుడు పడదు.

దేవరకద్ర తమ్ముడు:
మరి పాత సైన్యం ఏమైందన్నా?

మక్తల్ అన్న:
ఇంకా ఉంది, అర్తెష్ అంటరు. దేశ సరిహద్దులు దాని పని, విప్లవ పాలనను కాపాడుడు గార్డ్స్ పని, బయటి దేశాల వ్యవహారం ఖుద్స్ ఫోర్సుది. ఆ పని మీద ఉన్నప్పుడే 2020 జనవరి 3న బాగ్దాద్ ఎయిర్‌పోర్టు కాడ అమెరికా డ్రోను సులేమానీని సంపింది.